కలర్ నెగటివ్ నుంచి బ్లాక్ అండ్ వైట్ ప్రింటు

కలర్ నెగటివ్‌ను ఎన్‌లార్జర్‌లో పెట్టి, బ్రోమైడ్ కాగితం మీద బ్లాక్ అండ్ వైట్ ఫొటో వేయడం డార్క్‌రూమ్ విద్యలో ఒక ప్రత్యేకమైన పని. దీనికి వేరే పరికరాలు అక్కర్లేదు. కాగితం, డెవలపర్, హైపో, ట్రేలు అన్నీ మామూలు బ్లాక్ అండ్ వైట్ పనికి వాడేవే. అయినా తొలి ప్రింటు చాలామందిని నిరాశపరుస్తుంది. ఎక్స్‌పోజరు ఎంత ఇచ్చినా చాలదు. బొమ్మ చప్పగా, బూడిద రంగులో తేలుతుంది. ఎర్ర చీర నల్లగానూ, నీలాకాశం ఉత్త కాగితంలా తెల్లగానూ వస్తాయి. ఈ లోపాల వెనక ఉన్న కారణం తెలిస్తే వాటిలో చాలావరకు సరిదిద్దుకోవచ్చు. కలర్ నెగటివ్‌లో మూడు బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మన కాగితం వాటిలో దేన్ని చూస్తోంది, దేన్ని చూడటం లేదు అన్నదే ఈ పనికి మూలం.

నెగటివ్ లోపల

నేడు వాడుకలో ఉన్న కలర్ నెగటివ్ ఫిల్ములన్నీ దాదాపుగా 1972లో కొడాక్ ప్రవేశపెట్టిన సీ-41 పద్ధతిలో కడిగేవే. ఫిల్ము మీద మూడు రకాల ఎమల్షన్ పొరలుంటాయి. పై పొర నీలి కాంతికి, మధ్య పొర ఆకుపచ్చకు, అడుగు పొర ఎరుపుకు స్పందిస్తాయి. 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర డెవలపర్‌లో మూడుంపావు నిమిషాలు ఉన్నప్పుడు వెండి బొమ్మతో పాటే ప్రతి పొరలో ఒక డై పుడుతుంది. నీలి కాంతి పడ్డ చోట పసుపు, ఆకుపచ్చ పడ్డ చోట మెజెంటా, ఎరుపు పడ్డ చోట సయాన్ ఏర్పడతాయి. తర్వాత బ్లీచ్, ఫిక్సర్ కలిసి వెండిని మొత్తం తీసేస్తాయి. కడిగి ఆరేసిన నెగటివ్‌లో మిగిలేది డై మాత్రమే. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లో బొమ్మ వెండితో ఉంటుంది, ఇక్కడ వెండి జాడే ఉండదు. ముందు ముందు చెప్పబోయే చాలా తేడాలు ఇక్కడే మొదలవుతాయి.

నెగటివ్ అంతటా పరుచుకుని కనిపించే నారింజ రంగును చాలామంది ఫిల్ము బేస్ రంగు అనుకుంటారు. నిజానికి అది లెక్కగా చేసిన ఏర్పాటు. మెజెంటా డై ఆకుపచ్చ కాంతిని మాత్రమే అడ్డుకోవాలి, కానీ కొంత నీలాన్ని కూడా మింగేస్తుంది. సయాన్ డై ఎరుపుతో పాటు కొంత ఆకుపచ్చను, నీలాన్ని తినేస్తుంది. ఈ దొంగ శోషణ వల్ల కలర్ ప్రింటులో రంగులు మురికిబారేవి. 1940లలో కొడాక్ పరిశోధకుడు వెస్లీ హాన్సన్ దీనికి చక్కని విరుగుడు కనిపెట్టాడు. డై పుట్టించే రసాయనానికి, అంటే కప్లర్‌కు, ముందే రంగు ఉండేలా చేశాడు. మెజెంటా ఇచ్చే కప్లర్ పసుపుగానూ, సయాన్ ఇచ్చే కప్లర్ గులాబీ ఎరుపుగానూ ఉంటాయి. డై ఏర్పడిన చోట కప్లర్ ఖర్చయిపోయి దాని రంగు పోతుంది, ఏర్పడని చోట మిగులుతుంది. దాంతో డై చేసే తప్పు, కప్లర్ రంగు కలిసి నెగటివ్ అంతటా ఒకే మోతాదుగా మారిపోతాయి. పసుపు, గులాబీ ఎరుపు కలిసిన ఆ సమమైన పూతే మనకు నారింజగా కనిపిస్తుంది. 1942లో వచ్చిన తొలి కొడాకలర్ ఫిల్ముకు ఈ మాస్క్ లేదు. 1940ల చివరి నుంచి అది కలర్ నెగటివ్‌కు ముఖచిహ్నం అయింది.

కలర్ ప్రింటు వేసేవాడికి ఈ మాస్క్ మేలే చేస్తుంది, కలర్ కాగితాన్ని దాని రంగుకు తగ్గట్టే తయారుచేస్తారు. బ్లాక్ అండ్ వైట్ కాగితానికి మాత్రం అది నేరుగా అడ్డం. నారింజ రంగు ఆపేది నీలి కాంతిని, బ్రోమైడ్ కాగితానికి కావలసింది నీలి కాంతే. నీలి కాంతిలో కొలిస్తే మాస్క్ సాంద్రత సుమారు 0.9 ఉంటుంది. అంటే నెగటివ్‌లో బొమ్మే లేని చోట కూడా కాంతిలో ఎనిమిదో వంతే దిగుతుంది. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకు బేస్, ఫాగ్ కలిపి 0.3 దాటవు. ఈ తేడా ఒక్కటే ఎక్స్‌పోజరును దాదాపు నాలుగింతలు చేస్తుంది.

కాగితం ఏ రంగును చూస్తుంది

సిల్వర్ బ్రోమైడ్‌కు సహజంగా నీలం, ఊదా, అతినీలలోహిత కాంతి మాత్రమే తెలుస్తాయి. ఆకుపచ్చ, ఎరుపు దానికి చీకటితో సమానం. 1873లో జర్మన్ రసాయనవేత్త హెర్మన్ వోగెల్, ఎమల్షన్‌లో కొన్ని డైలు కలిపితే దాని చూపు ఆకుపచ్చ వైపు విస్తరిస్తుందని కనుక్కున్నాడు. అలా వచ్చినవి ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు. ఎరుపును కూడా చూడగల పాన్‌క్రొమాటిక్ ప్లేట్లను 1906లో ఇంగ్లండ్‌లో రాటెన్ అండ్ వెయిన్‌రైట్ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. ఫిల్ములు పాన్‌క్రొమాటిక్ అయ్యాక కూడా ప్రింటు కాగితాలు నీలం దగ్గరే, మహా అయితే ఆకుపచ్చ దగ్గరే ఆగిపోయాయి. అందుకు బలమైన కారణం ఉంది. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లో రంగు లేదు కనుక కాగితానికి రంగులు తెలియాల్సిన పని లేదు. తెలియకపోవడం వల్లే ఎర్ర బల్బు వెలుగులో హాయిగా పని చేసుకోగలుగుతున్నాం.

ఇప్పుడు అలాంటి కాగితం మీదకి కలర్ నెగటివ్ గుండా వెలుగు పంపితే ఏమవుతుంది? నీలి కాంతిని గట్టిగా ఆపగలిగేది పసుపు డై ఒక్కటే. మెజెంటా, సయాన్ పొరలు ఆపే కొద్ది నీలాన్నీ మాస్క్ సమం చేసేసింది. కాబట్టి కాగితం దృష్టిలో నెగటివ్ అంటే పసుపు పొర మాత్రమే. పసుపు పొర అంటే సన్నివేశంలోని నీలి కాంతి మాత్రమే నమోదైన పొర. ఆకుపచ్చ, ఎరుపు కాంతుల కథ పక్క పొరల్లో భద్రంగా ఉన్నా కాగితం దాన్ని చదవలేదు. ఫలితంగా వచ్చే ప్రింటు 19వ శతాబ్దపు నీలి స్పందన ప్లేటు మీద తీసిన ఫొటోలా ఉంటుంది. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ తరం ఫొటోలలో ఆకాశం తరచు ఖాళీగా, తెల్లగా ఉండటానికి ఏది కారణమో, ఇక్కడా అదే కారణం.

తెలుగువారి పెళ్లి ఫొటోను తీసుకుంటే ఇది స్పష్టంగా తెలుస్తుంది. పెళ్లి పందిరిలో రాజ్యమేలేవి పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. ఈ మూడూ నీలి కాంతిని చాలా తక్కువగా వెనక్కి పంపే రంగులు. బంతిపూల దండ కంటికి వెలుగులు చిమ్ముతుంది, ప్రింటులో ముదురు బూడిద రంగులో మునిగిపోతుంది. కుంకుమబొట్టు, పారాణి, ఎర్ర పట్టుచీర నల్లబడతాయి. మామిడాకుల తోరణం, అరటి బోదెలు దట్టమైన నీడలా మారతాయి. జరీ మెరుపు సగానికి సగం తగ్గుతుంది. మధుపర్కాల తెలుపు నిలబడుతుంది కానీ వాటి ఎర్ర అంచు నల్ల గీతలా పడుతుంది. చామనఛాయ ముఖాలు ఉన్నదానికంటే ముదురుగా, పెదవులు మరీ నల్లగా, చర్మం మీది మచ్చలు కొట్టొచ్చినట్టు వస్తాయి. పక్కన ఎవరో కట్టుకున్న నీలం చీర మాత్రం వెలిసిపోయినట్టు తెల్లగా తేలుతుంది.

ఫిల్ము కెమెరాల రోజుల్లో పెళ్లిళ్లలో వీడియో లైట్లు, మామూలు బల్బుల వెలుగు ఎక్కువ. బల్బు కాంతిలో నీలం తక్కువ. పగటి వెలుగుకు చేసిన ఫిల్మును ఆ కాంతిలో వాడితే మూడు పొరల్లోనూ తక్కువ ఎక్స్‌పోజరు అందేది నీలి పొరకే. కలర్ ల్యాబు దాన్ని ఫిల్టర్లతో కొంత సర్దుతుంది. బ్లాక్ అండ్ వైట్ కాగితానికి ఆ బలహీనమైన పొర తప్ప వేరే ఆధారం లేదు. ఫ్లాష్ వెలుగులోనో, ఆరుబయటో తీసిన నెగటివ్‌లు ఈ పనికి ఎప్పుడూ మేలు.

చప్పదనం, మల్టీగ్రేడ్ కాగితం

కలర్ నెగటివ్‌ను తక్కువ కాంట్రాస్టుతోనే తయారుచేస్తారు. దాన్ని ప్రింటు చేసే కలర్ కాగితానికి కాంట్రాస్టు ఎక్కువ, రెండూ కలిస్తే సరిపోతుంది. బ్లాక్ అండ్ వైట్ కాగితపు మధ్యరకం గ్రేడ్ (కాంట్రాస్టు స్థాయి) అంత గట్టిది కాదు కనుక బొమ్మ చప్పబడుతుంది. నిర్ణీత గ్రేడ్‌లలో వచ్చే పాతరకం కాగితాలకు దీనికి సులువైన మార్గం ఉండేది: 4వ గ్రేడో, 5వ గ్రేడో హార్డ్ పేపర్ తీసుకోవడమే. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థ ‘ఇందు’ పేరుతో చేసిన బ్రోమైడ్ కాగితాలు మన ఊళ్ల స్టూడియోలకు బాగా పరిచయం. అలాంటి గ్రేడెడ్ కాగితం ఆకుపచ్చను పట్టించుకోదు కాబట్టి మాస్క్ దాని వేగాన్ని తగ్గించగలదు గానీ గ్రేడ్‌ను మార్చలేదు.

1940లో ఇల్‌ఫోర్డ్ తెచ్చిన మల్టీగ్రేడ్ కాగితం లెక్క వేరు. ఒకే కాగితం మీద నీలానికీ ఆకుపచ్చకూ వేరువేరు మోతాదుల్లో స్పందించే ఎమల్షన్లు కలిసి ఉంటాయి. మెజెంటా ఫిల్టర్ వేస్తే ఆకుపచ్చ ఆగిపోయి నీలమే దిగుతుంది, కాంట్రాస్టు పెరుగుతుంది. పసుపు ఫిల్టర్ వేస్తే నీలం తగ్గి ఆకుపచ్చ మిగులుతుంది, కాంట్రాస్టు తగ్గుతుంది. ఇప్పుడు దొరికే బ్లాక్ అండ్ వైట్ కాగితాల్లో ఎక్కువ భాగం ఈ తరహావే. నారింజ మాస్క్ నీలాన్ని ఆకుపచ్చకంటే ఎక్కువగా ఆపుతుంది. అంటే నెగటివ్ తనంతట తానే ఒక సాఫ్ట్ ఫిల్టర్‌ను వెంటబెట్టుకుని వస్తోంది. అసలే చప్పని నెగటివ్ దీంతో ఇంకా చప్పబడుతుంది. అందుకే కలర్ నెగటివ్‌లకు 4, 4½, 5 నంబరు (ముదురు మెజెంటా) ఫిల్టర్లతోనే మొదలుపెట్టడం ఆనవాయితీ. డైక్రోయిక్ కలర్ హెడ్ ఉన్న ఎన్‌లార్జర్ అయితే మెజెంటాను చివరిదాకా తిప్పడమే.

చాలా పుస్తకాలు ఇక్కడితో ఆగుతాయి. దీని వెనక ఇంకో సంగతి ఉంది, నా ఉద్దేశంలో ఈ విషయం మొత్తానికి అదే ఆయువుపట్టు. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌తో ఫిల్టర్ మార్చితే కాంట్రాస్టు మాత్రమే మారుతుంది. కలర్ నెగటివ్‌తో మార్చితే కాగితం చదివే పొర కూడా మారుతుంది. మెజెంటా ఫిల్టర్‌తో అది పసుపు పొరను మాత్రమే చదువుతుంది. పసుపు ఫిల్టర్‌తో ఆకుపచ్చ కాంతి దిగి, మెజెంటా పొరలో ఉన్న ఆకుపచ్చ నమోదు బొమ్మలోకి వస్తుంది. బంతిపూలు తేలికపడతాయి, ఆకులకు ప్రాణం వస్తుంది, చర్మం కొంచెం సహజంగా కనిపిస్తుంది, మబ్బులకూ ఆకాశానికీ మధ్య కొద్దిపాటి తేడా తెలుస్తుంది. ఎరుపు మాత్రం నల్లగానే ఉంటుంది, ఎందుకంటే ఏ మల్టీగ్రేడ్ కాగితమూ సయాన్ పొరను చదవలేదు. కాబట్టి 5వ నంబరు ఫిల్టర్ కాంట్రాస్టు ఇచ్చి రంగుల న్యాయం చెడగొడుతుంది, తక్కువ నంబరు ఫిల్టర్ రంగుల న్యాయం కొంత నిలిపి కాంట్రాస్టును తీసేస్తుంది. రెండు ఎక్స్‌పోజర్లుగా విడదీయడం దీనికి మధ్యేమార్గం. ప్రధాన ఎక్స్‌పోజరు 5తో ఇచ్చి, ఆకాశాన్నో ముఖాన్నో 0 లేదా 00తో విడిగా దిద్దితే మొత్తం ఒకే ఫిల్టర్‌తో వేసిన దానికంటే మంచి ఫలితం వస్తుంది.

పాన్‌క్రొమాటిక్ కాగితాలు

ఈ చిక్కుకు అసలైన పరిష్కారం మూడు రంగులనూ చూడగల కాగితం. కొడాక్ ‘పానల్యూర్’ సరిగ్గా ఈ పనికోసమే పుట్టింది. దాని మీద ఎరుపు ఎరుపుకు తగ్గ బూడిద రంగులో, నీలం నీలానికి తగ్గ బూడిద రంగులో, మన కన్ను ఒప్పుకునేలా పడేవి. ఇంకా గొప్ప సౌకర్యం ఏమిటంటే, ఫొటో తీసేటప్పుడు కెమెరాకు వెయ్యని ఫిల్టర్‌ను ఎన్‌లార్జర్‌కు వెయ్యవచ్చు. ఎర్ర ఫిల్టర్ పెడితే కాగితం సయాన్ పొరను, అంటే ఎర్ర కాంతి నమోదును చదువుతుంది. ఆకాశం ముదిరి మబ్బులు లేస్తాయి. ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే పచ్చదనం తేలికపడుతుంది. ఒకే నెగటివ్ నుంచి ఇన్ని రకాల బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు తీయగలగడం బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముతో ఎప్పటికీ సాధ్యం కాదు. అక్కడ ఫిల్టర్ నిర్ణయం షట్టర్ నొక్కక ముందే అయిపోవాలి.

పత్రికలకు ఈ కాగితం బాగా పనికొచ్చింది. 1980లలో అమెరికన్ పత్రికల ఫొటోగ్రాఫర్లు అన్నీ కలర్ నెగటివ్ మీదే తీసి, మొదటి పేజీకి కలర్ ప్రింటు, లోపలి పేజీలకు బ్లాక్ అండ్ వైట్ ప్రింటు వేసే అలవాటుకు వచ్చారు. పాన్‌క్రొమాటిక్ కాగితంతో ఉన్న కష్టమల్లా చీకటి. మామూలు సేఫ్‌లైట్ దాన్ని పాడుచేస్తుంది. దాదాపు కటిక చీకట్లో, గడియారం లెక్కతో, బొమ్మ పైకి తేలడం చూడకుండానే పని చెయ్యాలి. 2005లో కొడాక్ బ్లాక్ అండ్ వైట్ కాగితాల తయారీ మొత్తం ఆపేసింది, పానల్యూర్ కథా దానితో ముగిసింది.

ఎన్‌లార్జర్ దగ్గర

బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌కు పది పన్నెండు సెకన్లు సరిపోయే చోట, కలర్ నెగటివ్‌కు 4 లేదా 5వ నంబరు ఫిల్టర్ తీసుకునే అదనపు ఎక్స్‌పోజరుతో కలిపి నిమిషం, నిమిషంన్నర పట్టడం మామూలే. లెన్సును ఒక స్టాపు తెరిచి సమయం తగ్గించుకోవడం మంచిది. మరీ ఎక్కువసేపు వెలుగు పడితే నెగటివ్ వేడెక్కి ఉబ్బుతుంది, ఫోకస్ జారిపోతుంది. గ్లాస్ క్యారియర్ ఉంటే ఈ బాధ తప్పుతుంది. ఎక్కువసేపు కాగితం బల్ల మీద ఉంటుంది కనుక సేఫ్‌లైట్ కాస్త దూరంగా ఉండటం, అది నిజంగా సురక్షితమైనదేనని ముందే పరీక్షించుకోవడం అవసరం. టెస్ట్ స్ట్రిప్‌ను ఐదేసి సెకన్ల చొప్పున కాకుండా 15, 30, 60, 120 అంటూ రెట్టింపు చేస్తూ వేస్తే దారి త్వరగా దొరుకుతుంది.

ఫోకస్ చెయ్యడం కొంచెం ఓపిక అడుగుతుంది. వెండి గ్రెయిన్‌కు ఉండే పదునైన అంచులు డైకి ఉండవు. ఫోకస్ భూతద్దంలో మెత్తని మచ్చలు కనిపిస్తాయి, పైగా వెలుగు నారింజగా, మందంగా ఉంటుంది. ఫొటోలోని సన్నని గీత, కనురెప్ప, అక్షరం లాంటి వాటిని పట్టుకుని ఫోకస్ చెయ్యాలి. ప్రింటులోనూ గ్రెయిన్ తీరు వేరు. పసుపు రంగులోని గరుకుదనాన్ని మన కన్ను పెద్దగా పట్టించుకోదు కాబట్టి, ఫిల్ము తయారీదారులు నీలి పొరలో గ్రెయిన్ కొంత ఎక్కువగా ఉండనిస్తారు. కలర్ ప్రింటులో దాక్కునే ఆ గరుకు, ఆ పొర ఒక్కదాన్నే చదివే బ్లాక్ అండ్ వైట్ ప్రింటులో బయటపడుతుంది. ఒక సంగతి మాత్రం మనకు అనుకూలం. డై కాంతిని చెదరగొట్టదు కనుక, వెండి నెగటివ్‌ల మీద కండెన్సర్ ఎన్‌లార్జర్ కాంట్రాస్టు పెంచే కాలియర్ ప్రభావం ఇక్కడ ఉండదు. కండెన్సర్ అయినా డిఫ్యూజర్ అయినా టోన్లు ఒక్కలాగే వస్తాయి. గీతలు, దుమ్ము కండెన్సర్ కింద ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి డిఫ్యూజరే నయం.

డెవలపర్‌లో హైడ్రోక్వినోన్ పాలు ఎక్కువున్న ఫార్ములాలు కాంట్రాస్టుకు కొంత సాయపడతాయి. కడిగిన ప్రింటును సెలీనియం టోనర్‌లో ముంచితే నల్లటి భాగాలు ఇంకొంచెం లోతుకు దిగుతాయి. ఇవి అరగ్రేడు తేడా తెచ్చే చిట్కాలే, చప్పని నెగటివ్‌కు పూర్తి వైద్యం కాదు.

ఇతర మార్గాలు

మాస్క్‌ను దాటే ఇంకో పద్ధతి, నెగటివ్‌ను పాన్‌క్రొమాటిక్ షీట్ ఫిల్ము మీద కాంటాక్టు చేసి పాజిటివ్ తీసి, దాన్నుంచి కొత్త బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ తయారుచేయడం. శ్రమ ఎక్కువ, కానీ నచ్చిన ఫిల్టర్ వేసుకోవచ్చు, ఆ తర్వాత మామూలు కాగితమే చాలు. నేడు కొందరు నెగటివ్‌ను స్కాన్ చేసి, మూడు రంగుల నమోదులను కంప్యూటర్‌లో తమకు కావలసిన పాళ్లలో కలిపి, పారదర్శక షీటు మీద డిజిటల్ నెగటివ్ ముద్రించి కాంటాక్టు ప్రింటు వేస్తున్నారు. చీకటి గది ఆనందం కొంత తగ్గినా టోన్ల మీద అధికారం పూర్తిగా చేతిలో ఉంటుంది.

సీ-41లోనే కడిగే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములను కలర్ నెగటివ్‌లతో కలిపి చూడకూడదు. ఇల్‌ఫోర్డ్ ఎక్స్‌పీ2 ఫిల్ములో బొమ్మ డైతోనే ఉన్నా నారింజ మాస్క్ లేదు, మల్టీగ్రేడ్ కాగితం మీద హాయిగా ప్రింటవుతుంది. కొడాక్ బీడబ్ల్యూ400సీఎన్‌కు మాత్రం మాస్క్ ఉంచారు, ఎందుకంటే అది కలర్ ల్యాబు కాగితం మీద వెయ్యడానికి ఉద్దేశించినది. 2014లో దాన్ని ఆపేశారు.

కలర్ రోలును మొదటి నుంచీ బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌లోనే కడగడం మరో దారి. అప్పుడు డై పుట్టదు, మూడు పొరల్లోనూ వెండి బొమ్మే నిలుస్తుంది. వెండి ఏ రంగు కాంతినైనా ఆపుతుంది కాబట్టి మూడు రంగుల నమోదూ కలిసి కాగితం మీదకు వస్తుంది, టోన్లు సహజంగా ఉంటాయి. అయితే రంగు కప్లర్లతో పాటు, బ్లీచ్‌లో కరిగిపోవాల్సిన పసుపు ఫిల్టర్ పొర కూడా మిగిలిపోయి నెగటివ్ మసకగా, దట్టంగా ఉంటుంది. చెత్తలోనో, అటక మీదో దొరికిన, సీ-41కు ముందటి పద్ధతికి చెందిన పాత సీ-22 రోళ్లకు ఇదే దిక్కు. ఆ పద్ధతి రసాయనాలు ఇప్పుడు లేవు, సీ-41 వేడికి ఆ ఎమల్షన్ తట్టుకోదు.

నిలిచి ఉండేది వెండి

డైలు సేంద్రియ రసాయనాలు. చీకట్లో పెట్టినా వేడికి, తేమకు మెల్లగా వెలిసిపోతాయి. సరిగ్గా ఫిక్స్ చేసి కడిగిన వెండి బొమ్మ అంతకంటే ఎన్నో రెట్లు మన్నుతుంది. హాలీవుడ్ స్టూడియోలు కలర్ సినిమాలను భద్రపరచడానికి ఇదే సూత్రాన్ని వాడాయి. కలర్ నెగటివ్ నుంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో మూడు బ్లాక్ అండ్ వైట్ పాజిటివ్‌లు తీసి దాచుకుంటాయి. ఎప్పుడు కావాలన్నా ఆ మూడింటినీ కలిపి మళ్లీ రంగు సినిమా తయారుచేయవచ్చు.

మన ఇళ్లలో 1980, 1990లలో తీసిన పెళ్లిళ్ల, పండుగల నెగటివ్‌లు స్టూడియో కవర్లలో బీరువా అడుగున పడి ఉన్నాయి. తీరప్రాంతపు ఉక్కపోత, వేసవి వేడి వాటికి శత్రువులు. పసుపు డై తగ్గితే కలర్ ప్రింటులో రంగులు చెడతాయి, బ్లాక్ అండ్ వైట్ కాగితం చదివే పొరే పలచబడి బొమ్మ మరీ చప్పబడుతుంది. కాబట్టి ఈ పని ఎంత ముందు చేస్తే అంత మంచిది. ఆల్బమ్ ఉంది కదా అని నెగటివ్‌లు పారెయ్యకండి. ఆరుబయటో, ఫ్లాష్ వెలుగులోనో తీసిన మంచి ముఖాలను ఎంచి ఫైబర్ కాగితం మీద 4½ ఫిల్టర్‌తో ఒక్కొక్క ప్రింటు వేయించండి, బాగా కడిగించండి. మిగిలినవాటిని పొడిగా, చల్లగా ఉన్న చోట దాచి, వీలైనంత త్వరగా స్కాన్ చేయించండి.